ఎవల్యూషనరీ అనే మాట ఎక్కడ వాడాలి, ఎక్కడ వద్దు

బెంగళూరులో ఉంటున్న మన తెలుగు పిల్లలు ఎస్ఓపీలు (పైచదువుల అప్లికేషన్‌తో పెట్టే స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్), సెమినార్ పేపర్లు, అప్రైజల్ ఫారాలు పంపించి "అక్కా, ఒకసారి ఇంగ్లీష్ చూసి పెట్టవా" అని అడుగుతుంటారు, నేనూ కూర్చుని చూసి పెడుతుంటా. వాటిల్లో మళ్ళీ మళ్ళీ తేడాగా కనిపించే మాటల్లో ఎవల్యూషనరీ ఒకటి. బయాలజీ వాళ్ళు వాడతారు, సోషియాలజీ వాళ్ళు వాడతారు, సాఫ్ట్‌వేర్ వాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. మాట బరువుగా ఉంది కదా, పెడితే వాక్యానికి ఒక గొప్ప వస్తుందని అనుకుంటారు, కానీ ఇది గొప్పతనం చెప్పే మాట కాదండీ, ఒక మార్పు ఏ పద్ధతిలో జరిగిందో చెప్పే మాట. ఇదొక్కటి బుర్రలో పెట్టుకుంటే మిగతా రూల్స్ అన్నీ దీన్నుంచే వస్తాయి.

ముందు ఒకటి తెలుసుకోవాలి, ఈ మాటకి రెండు పనులున్నాయి. మొదటిది, ఎవల్యూషన్‌కి, అంటే పరిణామానికి, సంబంధించిన అని చెప్పడం. ఎవల్యూషనరీ బయాలజీ, ఎవల్యూషనరీ థియరీ, ఎవల్యూషనరీ హిస్టరీ, ఎవల్యూషనరీ ట్రీ ఇవన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. మన జక్కూరులో జవహర్‌లాల్ నెహ్రూ సెంటర్ ఉంది కదా, అందులో ఒక విభాగం పేరే ఎవల్యూషనరీ అండ్ ఇంటిగ్రేటివ్ బయాలజీ యూనిట్, అక్కడ పనిచేసేవాళ్ళని ఎవల్యూషనరీ బయాలజిస్టులు అంటారు, అంటే వాళ్ళు మెల్లమెల్లగా మారుతున్నారని కాదు, వాళ్ళ సబ్జెక్ట్ అది అని. రెండో పని, ఒక్కసారిగా కాకుండా అంచెలంచెలుగా జరిగింది అని చెప్పడం. "ద చేంజ్ వాజ్ ఎవల్యూషనరీ" అన్నప్పుడు ఈ అర్థం.

ఈ రెండిట్లో ఏది వాడుతున్నామో తేల్చుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. మాటని నౌన్ ముందు నుంచి తీసి వాజ్ తర్వాత పెట్టి చదవండి. "ద చేంజ్ వాజ్ ఎవల్యూషనరీ" బానే ఉంది. "ద బయాలజిస్ట్ వాజ్ ఎవల్యూషనరీ" అస్సలు బాలేదు. అంటే మొదటి పనిలో ఉన్నప్పుడు ఇది నౌన్ ముందే ఉండాలి, అక్కణ్ణుంచి కదపకూడదు, రెండో పనిలో ఉన్నప్పుడు ముందైనా వెనకైనా పెట్టుకోవచ్చు. వెరీ సంగతీ అంతే, వెరీ ఎవల్యూషనరీ థియరీ అని ఎవరూ రాయరు. రెండో పనిలో కూడా వెరీ కంటే లార్జ్‌లీ బాగా అతుకుతుంది, "ద చేంజ్ వాజ్ లార్జ్‌లీ ఎవల్యూషనరీ" అని. ఆర్టికల్ కావాలంటే యాన్ పెట్టండి, ఎ కాదు.

మన తెలుగువాళ్ళకి మాత్రమే వచ్చే ఇబ్బంది ఇంకోటుంది. స్కూల్లో జీవపరిణామం చదువుకున్నాం, పేపర్లోనేమో రోజూ తాజా రాజకీయ పరిణామాలు, తీవ్ర పరిణామాలు ఉంటాయని హెచ్చరిక, ఇలాంటివి చదువుతాం. ఆ అలవాటు మీద పొలిటికల్ ఎవల్యూషన్స్ అని రాసేస్తారు. రాజకీయ పరిణామాలకి డెవలప్‌మెంట్స్ అనాలి, తీవ్ర పరిణామాలకి కాన్సీక్వెన్సెస్ అనాలి. నిన్న రెండు పార్టీలు పొత్తు పెట్టుకున్నాయంటే అది ఎవల్యూషనరీ కాదు, ఒక సంఘటన అంతే. అదే ప్రాంతీయ పార్టీలు కొన్ని దశాబ్దాల్లో ఎలా పుట్టి, ఎలా మారుతూ వచ్చాయో రాస్తుంటే అక్కడ ఈ మాటకి చోటుంది.

దీని చుట్టాలు కూడా ఉన్నాయి, ఎవాల్వింగ్, ఎవాల్వ్డ్. ఇప్పటికీ మారుతూనే ఉంటే ఎవాల్వింగ్. వరద వచ్చినప్పుడు టీవీలో యాన్ ఎవాల్వింగ్ సిచువేషన్ అంటారు, అక్కడ ఎవల్యూషనరీ సిచువేషన్ అంటే తప్పు. మారి ఒక రూపానికి వచ్చేస్తే ఎవాల్వ్డ్. ఇక ఎవల్యూట్, ఎవల్యూటెడ్ అని ఆఫీసుల్లో తెగ వినిపిస్తుంది, ఆ క్రియ వాడకంలో లేదు, ఎవల్యూట్ అనేది లెక్కల్లో ఒక వక్రరేఖ పేరు. క్రియ కావాలంటే ఎవాల్వ్ ఒక్కటే.

బయాలజీలో వాడేటప్పుడు

ఇక్కడ కాస్త నిదానంగా వెళ్దాం, ఎందుకంటే తప్పులు ఎక్కువ జరిగేదీ, అర్థమైతే ఎక్కువ ఆనందం వచ్చేదీ ఇక్కడే. మీ వాక్యాన్ని ఒకటే ప్రశ్న అడగండి, మారింది ఎవరు? ఒక మనిషి, ఒక చెట్టు, ఒక కుక్క తన జీవితంలో మారితే దాన్ని బయాలజీలో ఎవల్యూషనరీ చేంజ్ అనరు. జిమ్‌కి వెళ్ళి కండలు పెంచినా, కొండ ప్రాంతానికి వెళ్ళాక ఊపిరి అలవాటు పడినా అది అడాప్టేషన్ అని మామూలు మాటల్లో అంటారేమో గానీ ఎవల్యూషనరీ కాదు. ఒక గుంపులో, అంటే పాపులేషన్‌లో, తరం నుంచి తరానికి వారసత్వంగా వచ్చే లక్షణాల పాళ్ళు మారితేనే ఆ మాట.

ఇంట్లో మనం వినే మాటే తీసుకుందాం. "నా ఒంటికి ఈ యాంటీబయాటిక్ అలవాటైపోయింది, ఇక పనిచెయ్యట్లేదు" అంటారు పెద్దవాళ్ళు. నిజానికి అలవాటు పడింది ఒళ్ళు కాదు. ఒంట్లో ఉన్న కోట్ల బ్యాక్టీరియాలో కొన్నిటికి మందుని తట్టుకునే గుణం ఉంటే, మందు మిగతావాటిని చంపేస్తుంది, తట్టుకున్నవి పిల్లల్ని పెడతాయి, కొంతకాలానికి గుంపంతా తట్టుకునేదే అయిపోతుంది. కాబట్టి "మై బాడీ షోస్ యాన్ ఎవల్యూషనరీ రెస్పాన్స్ టు ద డ్రగ్" తప్పు, "యాంటీబయాటిక్ రెసిస్టెన్స్ ఈజ్ యాన్ ఎవల్యూషనరీ రెస్పాన్స్ ఇన్ బ్యాక్టీరియా" రైటు. పెన్సిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగ్ 1945లో నోబెల్ తీసుకుంటూ చేసిన ప్రసంగంలోనే, మందు చాలీచాలకుండా వాడితే సూక్ష్మజీవులు దాన్ని తట్టుకోవడం నేర్చుకుంటాయని హెచ్చరించాడు. అంత పాత విషయం ఇది, అయినా మనం ఇంకా ఒంటి మీదకే తోస్తున్నాం.

పుస్తకాల్లో అందరూ చెప్పే ఉదాహరణ ఇంగ్లండ్ పెప్పర్డ్ మాత్‌ది. తెల్లటి రెక్కల మీద మిరియాల పొడి చల్లినట్టు నల్ల చుక్కలుండే పురుగు. 1848లో మాంచెస్టర్ దగ్గర నల్ల రకం ఒకటి దొరికినట్టు రికార్డు ఉంది, ఫ్యాక్టరీల పొగకి చెట్ల బెరళ్ళు నల్లబడ్డాయి, వాటి మీద వాలిన తెల్లవాటిని పక్షులు సులువుగా పట్టి తినేశాయి, 1895కల్లా మాంచెస్టర్‌లో సుమారు 98 శాతం నల్లవే. తర్వాత 1956లో క్లీన్ ఎయిర్ చట్టం వచ్చి గాలి బాగుపడ్డాక మళ్ళీ తెల్లవి పెరిగాయి. ఇక్కడ ఒక్క పురుగు కూడా రంగు మార్చుకోలేదు, గమనించండి. మారింది పాళ్ళు. ఈ వాక్యాన్ని ఇంగ్లీష్‌లో రాయమంటే చాలామంది "ద మాత్స్ టర్న్‌డ్ బ్లాక్ టు హైడ్ ఫ్రమ్ బర్డ్స్" అని రాస్తారు, దాక్కోవడానికి మారాయి అని. ఆ కోసం అనే భావం వస్తే చాలు, ఎవల్యూషనరీ అనే మాటకి అక్కడ పని ఉండదు, ఎందుకంటే దీంట్లో ముందుగా పెట్టుకున్న గమ్యం అంటూ ఏదీ లేదు. జిరాఫీ మెడ సాచీ సాచీ పొడుగైంది, ఆ పొడుగు పిల్లలకి వచ్చింది అని 1809లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త లామార్క్ చెప్పిన దారి అది, సైన్స్ దాన్ని ఎప్పుడో వదిలేసింది.

ఇక్కడే ఒక విషయం చెప్పాలనిపిస్తోంది. డార్విన్ 1859లో వేసిన పుస్తకం మొదటి ఎడిషన్‌లో ఎవల్యూషన్ అనే మాటే కనపడదు, పుస్తకం ఆఖరి మాట మాత్రం ఎవాల్వ్డ్. లాటిన్‌లో ఈ మాటకి మూలం చుట్ట విప్పడం, అంటే ముందే రాసి పెట్టింది కళ్ళముందుకి రావడం. డార్విన్ చెప్పింది దానికి పూర్తిగా వేరే సంగతి, రాసి పెట్టింది ఏదీ లేదు అని. 1872 నాటి ఆరో ఎడిషన్‌కి వచ్చేసరికి ఆయనా ఆ మాట వాడాడు.

మెల్లగా అంటే ఎంత మెల్లగా అని అడుగుతారు. లక్షల సంవత్సరాలు అక్కర్లేదండీ. గాలపగోస్ దీవుల్లో డాఫ్నీ మేజర్ అనే చిన్న దీవి మీద పీటర్ గ్రాంట్, రోజ్‌మేరీ గ్రాంట్ దంపతులు 1973 నుంచి ఫించ్ పిట్టల్ని కొలుస్తూ వచ్చారు. 1977లో కరువొచ్చింది, చిన్న మెత్తటి గింజలు అయిపోయాయి, పెద్ద గట్టి గింజలే మిగిలాయి, వాటిని పగలగొట్టగల పెద్ద ముక్కు పిట్టలు ఎక్కువగా బతికాయి, తర్వాతి తరం ముక్కులు సగటున పెద్దవిగా పుట్టాయి. తరాలు మారడం ముఖ్యం, క్యాలెండర్ కాదు. కాబట్టి స్లో అనే అర్థానికి ఎవల్యూషనరీ వాడకండి, ప్రాజెక్ట్ లేటైతే అది స్లో ప్రోగ్రెస్, ఎవల్యూషనరీ ప్రోగ్రెస్ కాదు.

కోతి నుంచి మనిషి వచ్చాడు అనే వాదన ప్రతి ఇంట్లో ఒకసారైనా అయ్యుంటుంది. ఇంగ్లీష్‌లో దాన్ని సరిగ్గా రాయాలంటే ఎవల్యూషనరీ లాడర్ అనకుండా ఎవల్యూషనరీ ట్రీ అనండి. నిచ్చెన అంటే కింద మెట్టు మీద చింపాంజీ, పై మెట్టు మీద మనం. చెట్టు అంటే ఇద్దరం చెరో కొమ్మ మీద, సుమారు 60, 70 లక్షల ఏళ్ళ కిందట ఒకే చోట విడిపోయినవాళ్ళం. "హ్యూమన్స్ అండ్ చింపాంజీస్ షేర్ ఎ కామన్ యాన్సెస్టర్" ఇది సరైన వాక్యం, ఇందులో ఎవల్యూషనరీ పెట్టాల్సిన అవసరమే లేదు, నాకు నచ్చేది అందుకే.

బయాలజీ పేపర్లకి రెడీగా పనికొచ్చేవి: ఫ్రమ్ యాన్ ఎవల్యూషనరీ పర్‌స్పెక్టివ్, ఇన్ ఎవల్యూషనరీ టర్మ్స్, ఎవల్యూషనరీ అడ్వాంటేజ్, ఎవల్యూషనరీ ప్రెషర్. యాడ్‌వర్బ్ ఎవల్యూషనరిలీ ఉంది గానీ నోరు తిరగదు, ఎవల్యూషనరిలీ స్టేబుల్ స్ట్రాటజీ లాంటి పక్కా పదబంధాలకి వదిలేసి మిగతాచోట ఇన్ ఎవల్యూషనరీ టర్మ్స్ వాడుకోండి.

సమాజం గురించి రాసేటప్పుడు

సమాజానికి జీన్స్, అంటే జన్యువులు, ఉండవు కాబట్టి ఇక్కడ ప్రశ్న మారుతుంది. ప్రతి మెట్టూ ముందు మెట్టు మీద నిలబడిందా? నిలబడితే వాడండి.

మనకి బాగా దగ్గరి ఉదాహరణ ఆడపిల్లకి ఆస్తి హక్కు. 1956 హిందూ వారసత్వ చట్టం తండ్రి వాటాలో కూతురికి భాగం ఇచ్చింది, కానీ ఉమ్మడి ఆస్తిలో కొడుకులా పుట్టుకతోనే హక్కు ఇవ్వలేదు. 1986లో ఆంధ్రప్రదేశ్, ఎన్టీఆర్ ప్రభుత్వం, చట్టం చేసి ఆ హక్కు ఇచ్చింది. 1989లో తమిళనాడు చేసింది. కర్ణాటకలో 1994లో అమల్లోకి వచ్చింది. 2005లో కేంద్రం దేశమంతటికీ తెచ్చింది. అప్పటికి తండ్రి బతికి ఉండాలా వద్దా అన్న గొడవని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది, అక్కర్లేదు అని. పాత చట్టాన్ని కొట్టేసి కొత్తది రాయలేదు చూడండి, ఉన్నదాన్నే సవరిస్తూ, ఒక రాష్ట్రం చేసింది ఇంకో రాష్ట్రం అందుకుంటూ వచ్చారు. "ద చేంజ్ ఇన్ డాటర్స్ ప్రాపర్టీ రైట్స్ వాజ్ ఎవల్యూషనరీ రాదర్ దాన్ రెవల్యూషనరీ" అని ధైర్యంగా రాయొచ్చు. రాదర్ దాన్ రెవల్యూషనరీ అనే తోక పెడితే అర్థం ఇంకా స్పష్టంగా ఉంటుంది.

కాకపోతే ఒక జాగ్రత్త. ఎవల్యూషనరీ అన్నంత మాత్రాన దానంతటదే అయిపోయిందని కాదు. పై కథలో ప్రతి మెట్టు వెనకా కోర్టు కెక్కిన ఆడవాళ్ళున్నారు, అసెంబ్లీలో నిలబడి మాట్లాడినవాళ్ళున్నారు. మీ పేపర్లో ఈ మాట రాశాక వెంటనే తర్వాతి వాక్యంలో ఎవరు చేశారో, ఎలా చేశారో రాయండి. లేకపోతే ఆ మనుషులు మాయమైపోతారు, అది నాకు నిజంగా బాధగా ఉంటుంది.

బెంగళూరు గురించి ఎస్సే రాయమంటే చాలామంది సాఫ్ట్‌వేర్ ఒక్క రాత్రిలో ఈ ఊరిని మార్చేసింది అని మొదలుపెడతారు. 1909లో టాటా ఇన్‌స్టిట్యూట్ (ఇప్పటి ఐఐఎస్‌సీ), 1940లో విమానాల హెచ్ఏఎల్, తర్వాత టెలిఫోన్ల ఐటీఐ, గడియారాల హెచ్ఎంటీ, ఎలక్ట్రానిక్స్ బీఈఎల్, ఆ తర్వాత ఇస్రో, ఆ ఇంజినీర్లు, ఆ కాలేజీలు, ఆ వర్క్‌షాపులు అన్నీ ఉన్న ఊరికి 1985లో అమెరికా చిప్ కంపెనీ టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వచ్చింది. "బెంగళూరుస్ రైజ్ యాజ్ ఎ టెక్నాలజీ సిటీ వాజ్ ఎవల్యూషనరీ" ఇది నిలబడే వాక్యం. అదే ఊరి పేరు మార్పు తీసుకోండి, 2014 నవంబర్ 1న బ్యాంగ్లోర్ అధికారికంగా బెంగళూరు అయింది, ప్రభుత్వ ఉత్తర్వుతో ఒక తేదీన జరిగింది, అది ఎవల్యూషనరీ కాదు. రెవల్యూషనరీ కూడా కాదు, అఫీషియల్ అంటే సరిపోతుంది. మార్పులన్నిటినీ ఈ రెండు పెట్టెల్లోనే సర్దాలని ఎక్కడా లేదు.

ఇక్కడి బస్సు బోర్డు చూస్తే ఇంకో మంచి ఉదాహరణ దొరుకుతుంది. కన్నడ రాకపోయినా మనం చాలా అక్షరాలు కూడబలుక్కుని చదివేస్తాం. గ, న, ర దగ్గర తేడా దాదాపుగా తలకట్టులోనే, మనది టిక్కు పెట్టినట్టు పైకి లేస్తుంది, వాళ్ళది పక్కకి సాగి వంపు తిరుగుతుంది. ఒకప్పుడు తెలుగు-కన్నడ లిపి అని ఒకటే ఉండేది, శాసనాల్లో శతాబ్దాల తరబడి రాస్తూ రాస్తూ రెండు దారులయ్యాయి, ఇవాళ్టి నుంచి వేరు అని ఎవరూ ఉత్తర్వు వెయ్యలేదు. "తెలుగు అండ్ కన్నడ స్క్రిప్ట్స్ షేర్ యాన్ ఎవల్యూషనరీ హిస్టరీ" అని రాయండి, ఒక్క లింగ్విస్టిక్స్ ప్రొఫెసర్ కూడా కొట్టెయ్యరు.

రాజకీయాల్లో ఎవల్యూషనరీ సోషలిజం అనేది పక్కా పేరు, విప్లవం లేకుండా ఎన్నికలు, చట్టాల ద్వారా సోషలిజం తేవాలన్న ఆలోచన, 1899లో జర్మన్ సోషలిస్టు ఎడ్వర్డ్ బెర్న్‌స్టీన్ దాన్ని గట్టిగా వాదించాడు. పొలిటికల్ సైన్స్ వాళ్ళు తప్ప మిగతావాళ్ళకి దీనితో పెద్దగా పని పడదు.

ఒక్క వాడకం మాత్రం పూర్తిగా మానెయ్యండి. మనుషుల్ని మెట్లెక్కించడానికి ఈ మాట వాడొద్దు. గిరిజనుల గురించి రాస్తూ ఎర్లీ ఎవల్యూషనరీ స్టేజ్, ఇంకొకరి గురించి లెస్ ఎవాల్వ్డ్ కమ్యూనిటీ అని రాసిన ఎస్ఓపీలు నా దగ్గరికి వచ్చాయి, రాసిన పిల్లలకి చెడు ఉద్దేశం లేదు, ఎక్కడో చదివింది దింపారు. కానీ ఆ రాతకి చరిత్ర ఉంది. సర్వైవల్ ఆఫ్ ద ఫిట్టెస్ట్ అన్నది డార్విన్ పుట్టించిన మాట కాదు, 1864లో ఇంగ్లీష్ తత్వవేత్త హెర్బర్ట్ స్పెన్సర్ పుట్టించాడు, ఆ తర్వాత దాన్ని పట్టుకునే కొన్ని జాతులు గొప్పవి కొన్ని తక్కువవి అని చెప్పుకున్నారు, మేలురకం మనుషులే పిల్లల్ని కనాలి అనే ఆలోచనకి 1883లో ఇంగ్లండ్‌కి చెందిన గాల్టన్ యూజెనిక్స్ అని పేరు పెట్టాడు, అది ఎన్ని ప్రాణాలు తీసిందో చరిత్ర పుస్తకాల్లో ఉంది. ఇవాళ భూమ్మీద బతికున్న మనుషులందరి వెనకా ఉన్న పరిణామ చరిత్ర ఒకటే పొడవు. కులం, తెగ, రంగు గురించి రాసే వాక్యంలో ఈ మాట కనిపిస్తే కొట్టేసి, నిజంగా చెప్పాలనుకున్నది, అంటే బడి లేదనో, రోడ్డు లేదనో, భూమి లాక్కున్నారనో, అది రాయండి.

ఆఫీసులో

మొబైల్ రివ్యూల్లో యాన్ ఎవల్యూషనరీ అప్‌గ్రేడ్ అంటే మర్యాదగా చెప్పిన విమర్శ, పెద్ద కొత్తదనం లేదు అని. కాబట్టి అప్రైజల్‌లో మై కాంట్రిబ్యూషన్ వాజ్ ఎవల్యూషనరీ అని రాస్తే మేనేజర్ అదే అర్థం తీసుకుంటాడు. స్టెడీ, ఇంక్రిమెంటల్, గ్రాడ్యువల్, వీటిల్లో ఏది నిజమైతే అది రాయండి. ఎవల్యూషనరీ ప్రోటోటైప్ అంటే వేరే, పారెయ్యకుండా దాన్నే పెంచుకుంటూ పోయి ఫైనల్ ప్రోడక్ట్ చేసే ప్రోటోటైప్, ఆ పని చేసి ఉంటే ఆ పేరు వాడండి. ఎవల్యూషనరీ అల్గారిథమ్ కూడా ఊరికే మెరుగుపరిచిన అల్గారిథమ్ కాదు, బోలెడు పరిష్కారాల్ని ఒక గుంపుగా పెట్టుకుని, కొంచెం కొంచెం మార్చి, బాగున్నవాటిని ఉంచి, తరం తరువాత తరం నడిపించేది. 2006లో నాసా ఎస్‌టీ5 ఉపగ్రహాలకి ఇలా తయారైన యాంటెన్నా పెట్టారు, వంకర్లు పోయిన తీగ ముక్క, ఏ ఇంజినీరూ కూర్చుని అలా గియ్యడు. మీ మోడల్‌లో రెండు పారామీటర్లు మార్చి ఎవల్యూషనరీ అని రెజ్యూమేలో పెడితే ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న దాని మీదే పడుతుంది, సెలెక్షన్ ఎలా చేశావ్, మ్యుటేషన్ రేటు ఎంత అని.

పలకడం సంగతి, బ్రిటిష్ వాళ్ళు ఈ-తో మొదలుపెట్టి చివర నరీ ని మింగేస్తారు, అమెరికన్లు ఎ-తో మొదలుపెట్టి చివర నెరీ అని సాగదీస్తారు, ఏదైనా పర్లేదు, ఒత్తు మాత్రం మధ్యలో లూ మీద పడాలి. రాసేటప్పుడు టిఐఓఎన్ తర్వాత ఏఆర్‌వై, మధ్యలో ఈ రాదు. చివరగా పంపించే ముందు డాక్యుమెంట్‌లో రెవల్యూషనరీ అని ఒకసారి, ఎవల్యూషనరీ అని ఒకసారి సెర్చ్ కొట్టి ప్రతిదాన్నీ చదవండి, మొదట్లో ఒక్క ఆర్ పడినా పోయినా అర్థం తలకిందులవుతుంది, రెండూ సరైన మాటలే కాబట్టి స్పెల్ చెక్ ఎర్ర గీత పెట్టదు.